పురుగుల షెడ్డుకు ఎల్‌ఈడీ దీపం: ఏది మారాలి, ఏది నిలవాలి



ఈసారి ఆకు, రోగం, ధర ఇవన్నీ పక్కన పెట్టి దీపం గురించి రాస్తున్నాం. కొత్త షెడ్డు కట్టేటప్పుడు మనం గోడ ఎత్తు చూస్తాం, కిటికీలకు వలలు చూస్తాం, స్టాండ్ల మధ్య దారి చూస్తాం. లైట్ల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వేసేయ్ తమ్ముడూ" అని ఎలక్ట్రీషియన్‌కు వదిలేస్తాం. ఆ తమ్ముడు అంగడిలో ఆరోజు ఏది ఉంటే అది తెచ్చి బిగిస్తాడు. షెడ్డు ఇరవై ఏళ్లు నిలుస్తుంది. దీపం మూడేళ్లో ఐదేళ్లో ఉంటుంది. అంటే షెడ్డు ఉన్నన్నాళ్లలో దీపం నాలుగైదుసార్లు మారాలి. మారేటప్పుడు రెండు నిమిషాల్లో మారుతుందా, లేక గోడ పగలగొట్టాలా అన్నది మొదటిరోజు మనం బిగించినదాన్ని బట్టే ఉంటుంది.

దీపం దూరే చోటును ఇంగ్లీషులో సాకెట్ అంటారు, మనకది హోల్డరు. ఊడదీసి ఇంకొకటి పెట్టగలిగే ముక్కను మాడ్యూలు అంటారు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు, మిగతాదంతా తేలికే.

*పురుగుకు ఎంత వెలుతురు కావాలి*

ముందు ఇది తెలియాలి, లేకపోతే అవసరానికి మించి కొంటాం. పట్టుపురుగుకు మసక వెలుతురు ఇష్టం. 15 నుంచి 20 లక్సులు దానికి సరిపోతుంది. మరీ ఎక్కువ వెలుతురున్నా, పూర్తిగా చీకటైనా దానికి నచ్చదు. లేత పురుగుకు రోజులో 8 గంటల వెలుతురు, 16 గంటల చీకటి మంచిది. పెద్ద పురుగుకు దీనికి తిరగబడి 16 గంటల వెలుతురు, 8 గంటల చీకటి. రాత్రంతా లైట్లు వెలిగించి పెడితే పురుగు బాగా తింటుందని కొందరు అనుకుంటారు. ఎడతెగకుండా వెలుతురు ఉంటే ఎదుగుదల మందగిస్తుంది, కొన్ని పురుగులు నాలుగు జ్వరాలతో ఆగక ఐదోది కూడా పడతాయి, పురుగు బరువూ గూటి బరువూ తగ్గుతాయి.

చంద్రికల మీదికి ఎక్కించినప్పుడు ఇంకో సంగతి ఉంది. ఒక పక్క గట్టి వెలుతురు, ఇంకో పక్క నీడ ఉంటే పండిన పురుగులన్నీ నీడవైపు గుంపు కడతాయి. గుంపు కట్టిన చోట జోడు గూళ్లు ఎక్కువ. అందుకని ఒకే పెద్ద లైటు కంటే చిన్నవి నాలుగు చోట్ల ఉండడం మేలు.

లెక్క చూద్దాం. 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు షెడ్డు అంటే 1000 చదరపు అడుగులు, దాదాపు 93 చదరపు మీటర్లు. 20 లక్సులు కావాలంటే 93ను 20తో గుణించండి, 1860 ల్యూమెన్లు. స్టాండ్లు, గోడలు, దుమ్ము సగం మింగేస్తాయనుకుంటే 3700 ల్యూమెన్లు. ఎల్‌ఈడీ బల్బు వాటుకు సుమారు 90 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తుంది. 5 వాట్ల బల్బులు ఎనిమిది వేస్తే సరిపోతుంది. మొత్తం 40 వాట్లు. రోజుకు 5 గంటలు వెలిగిస్తే 200 వాట్-గంటలు, అంటే ఐదు రోజులకు ఒక యూనిట్టు.

ఇది పురుగు కోసం. మనిషి పని వేరే. రోగం పురుగును ఏరేటప్పుడు, ఆకు వేసేటప్పుడు, పక్కలు తీసేటప్పుడు మనకు బాగా కనపడాలి. దానికి రెండు మూడు ట్యూబ్‌లైట్లు వేరే స్విచ్చు మీద పెట్టుకోవాలి. పని అయ్యాక ఆర్పేయాలి. ఈ రెండు లైన్లూ విడివిడిగా వైరింగ్ చేయించుకుంటే ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

*బల్బు లోపల ఏముంటుంది*

ఎల్‌ఈడీ బల్బు పైకి ఒకటే వస్తువులా కనిపిస్తుంది గానీ లోపల నాలుగు ముక్కలు. పసుపు పచ్చ చుక్కల్లా కనిపించేవి ఎల్‌ఈడీలు, అవి అల్యూమినియం ప్లేటు మీద అతికించి ఉంటాయి. రెండోది డ్రైవరు, అంటే 230 వోల్టుల కరెంటును ఎల్‌ఈడీకి తగినట్టు మార్చే చిన్న సర్క్యూటు. మూడోది వేడిని బయటికి పంపే ఒళ్లు. నాలుగోది హోల్డరులో దూరే టోపీ. ఇప్పుడు చవక బల్బుల్లో డ్రైవరు విడిగా లేకుండా ఎల్‌ఈడీల ప్లేటు మీదే ఉంటుంది. రిపేరువాళ్లు దాన్ని డీఓబీ ప్లేటు అంటారు.

పెట్టె మీద 25,000 గంటలు అని రాసి ఉంటుంది. ఎల్‌ఈడీ చుక్క అంతకాలం ఉండగలదు. కానీ ఎల్‌ఈడీలన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఆరిన బల్బు మూత తీసి చూస్తే ఒక చుక్క మధ్యలో నల్లటి మచ్చ ఉంటుంది, పోయింది అదే. ఇంకోటి డ్రైవరులోని కెపాసిటరు. చాలాసార్లు ఎల్‌ఈడీ బాగానే ఉండి డ్రైవరు ముందు పోతుంది.

కెపాసిటరుకు శత్రువు వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగం అవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు ఉండేది, 95 దగ్గర 4000, 85 దగ్గర 8000, 75 దగ్గర 16,000 గంటలు ఉంటుంది. రోజుకు 5 గంటల లెక్కన 4000 గంటలంటే రెండేళ్ల పైచిలుకు, 8000 గంటలంటే నాలుగేళ్ల పైచిలుకు. తిరుత్తణి ఎండల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, కత్తిరి వచ్చిందంటే పేపర్లో మన ఊరి పేరే ముందు ఉంటుంది. రేకుల షెడ్డులో పైకప్పు కింద ఒక అడుగు లోపల గాలి కొలిమిలా ఉంటుంది. బల్బును కప్పుకు ఆనించి బిగించకుండా రెండడుగులు కిందికి దింపితే అదే బల్బు ఎక్కువకాలం ఉంటుంది. దీనికి ఖర్చు రెండడుగుల వైరు మాత్రమే.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఎల్‌ఈడీని దాని శక్తికి తక్కువగా నడిపితే అది చల్లగా ఉండి చాలాకాలం వెలుగుతుంది. 2016లో దుబాయి నగరపాలక సంస్థ కోసం ఫిలిప్స్ వాళ్లు ఇలాంటి బల్బే చేశారు. 3 వాట్లతో పాత 60 వాట్ల బల్బు అంత వెలుతురు ఇచ్చేది. ఎక్కువ ఎల్‌ఈడీలు పెట్టి ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇవ్వడమే దాంట్లో సంగతి. మన అంగళ్లలో అది దొరకకపోయినా సూత్రం మనకు పనికొస్తుంది. ఇరుకైన ఒంట్లో ఎక్కువ వాట్లు కుక్కిన చిన్న బల్బు కంటే, పెద్ద ఒంట్లో తక్కువ వాట్లు ఉన్న బల్బు మేలు. పురుగుకు కావాల్సింది కూడా మసక వెలుతురే గదా.

*పాత హోల్డరు గొప్పతనం*

మన ఇళ్లలో ఉండే, నొక్కి తిప్పే హోల్డరును బీ22 అంటారు. 22 అంటే టోపీ వెడల్పు 22 మిల్లీమీటర్లు. మర తిప్పి బిగించేది ఈ27, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. రెండూ 1880ల నాటివి. మరది అమెరికాలో ఎడిసన్ దగ్గర, నొక్కి తిప్పేది ఇంగ్లండులో స్వాన్ బల్బులతో మొదలయ్యాయి. ఇంగ్లీషువాళ్లతోపాటు బీ22 మనదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ట్యూబ్‌లైటు రెండు పక్కలా పట్టుకునేది జీ13, దాని రెండు పిన్నుల మధ్య దూరం 13 మిల్లీమీటర్లు.

ఈ నూటనలభై ఏళ్లలో బల్బు ఎన్ని వేషాలు వేసిందో చూడండి. మొదట తీగ బల్బు, తరవాత సీఎఫ్‌ఎల్, ఇప్పుడు ఎల్‌ఈడీ. హోల్డరు మాత్రం అదే. తాతల నాటి హోల్డరులో నిన్న కొన్న ఎల్‌ఈడీ బల్బు దూరుతుంది. ఏ కంపెనీదైనా దూరుతుంది. ఒకరి దగ్గర ధర పెరిగితే ఇంకొకరిది కొనుక్కుంటాం. ఆ స్వతంత్రం మనకు ఇచ్చింది హోల్డరే.

*అంగట్లో ఇప్పుడు దొరికేవి రెండు రకాలు*

మొదటి రకం, హోల్డరు వేరే, బల్బు వేరే. ట్యూబ్‌లైటైతే పట్టీ వేరే, ట్యూబు వేరే.

రెండో రకం, అన్నీ కలిపి ఒకే ముక్కగా అచ్చు పోసినవి. నాలుగడుగుల ఎల్‌ఈడీ పట్టీ లైట్లు, గుండ్రటి సీలింగ్ లైట్లు, చాలా ఫ్లడ్ లైట్లు ఇలాంటివే. చూడ్డానికి అందంగా, సన్నగా ఉంటాయి. బిగించడం తేలిక. పోయిందంటే మొత్తం పోయినట్టే.

మా షెడ్డులో ఇలాంటి పట్టీ లైటు ఒకటి నాలుగో జ్వరం లేచిన రెండో రోజు ఆరిపోయింది. కొన్న అంగడికి పోతే "ఆ మోడలు ఇప్పుడు రావడంలేదు, లోపలి ముక్క విడిగా అమ్మరు, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తదానికి స్క్రూ బొక్కల దూరం వేరే, వైరు దూరే చోటు వేరే. గోడకు మళ్లీ డ్రిల్లు వేయాలి. ఆఖరి దశ పురుగు లోపల ఉండగా సిమెంటు దుమ్ము లేపేదెవరు? పురుగు చంద్రికలెక్కి, గూళ్లు దింపేదాకా ఆ మూల టార్చిలైటుతోనే పని నడిచింది. ఒక లైటు ధర పెద్దది కాదు. పంట మధ్యలో వేరేవాళ్ల చెప్పులు, నిచ్చెన, దుమ్ము షెడ్డులోకి రావడమే మనకు అసలు నష్టం. షెడ్డు శుద్ధి చేసి, గుమ్మంలో సున్నం, బ్లీచింగు చల్లి, కాళ్లు తొక్కించి లోపలికి వచ్చే మనకు ఇది వేరే చెప్పాలా?

అందుకని షెడ్డుకు మొదటి సూత్రం: చెయ్యి తప్ప ఇంకే పనిముట్టూ లేకుండా, షెడ్డులో ఉన్న మనిషే మార్చగలిగిన దీపం కావాలి.

*రిపేరు ఎప్పుడు గిట్టుతుంది*

"బల్బు పారేయడం ఎందుకు, లోపలి ప్లేటు మార్చుకోవచ్చు గదా" అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న. దీనికి ధరల కథ కొంచెం తెలియాలి.

2014 మొదట్లో కేంద్రప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొన్నది. 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలైంది. కోట్ల లెక్కలో ఒకేసారి కొనేసరికి 2016కల్లా అదే బల్బు కొనుగోలు ధర 38 రూపాయలకు దిగింది. 2021 మార్చిలో గ్రామ ఉజాలా అని ఇంకోటి పెట్టి, పాత తీగ బల్బు ఇస్తే 10 రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. దానికి ఎంచుకున్న కొద్ది చోట్లలో మన తెలుగుదేశపు విజయవాడ ఒకటి. ఆ 7 వాట్ల, 12 వాట్ల బల్బులకు మూడేళ్ల గ్యారంటీ కూడా ఉండింది.

ధర ఇలా పడిపోయిందంటే చిన్న బల్బు విప్పి, ప్లేటు మార్చి, మూత మూసే మనిషి కూలి కూడా గిట్టదు. కాబట్టి 5, 9 వాట్ల బల్బుకు బల్బే మాడ్యూలు. మొత్తంగా తీసి కొత్తది పెట్టడమే దాని రిపేరు. హోల్డరు బాగుంటే చాలు.

పెద్ద లైట్ల లెక్క వేరు. 50 వాట్ల ఫ్లడ్ లైటు, పెరట్లో స్తంభం లైటు, పెద్ద షెడ్డు లైటు ధర ఎక్కువ, వాటి అల్యూమినియం ఒళ్లు పదేళ్లైనా చెడిపోదు. అక్కడ డ్రైవరు వేరే, ఎల్‌ఈడీ ప్లేటు వేరే, స్క్రూలు విప్పితే వచ్చేదైతే రిపేరు బాగా గిట్టుతుంది. హుద్‌హుద్ తుఫాను తరవాత విశాఖపట్నంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. అన్నన్ని దీపాలున్న ఊళ్లో ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చగలగడం ఎంత అవసరమో మనమే ఊహించుకోవచ్చు.

మనం రైలెక్కి మద్రాసు పోయే పని ఉన్నప్పుడు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీటులో చూస్తే డ్రైవర్లు, ప్లేట్లు, ఖాళీ ఒళ్లు అన్నీ విడిగా దొరుకుతాయి. కొనేముందు ఇవి చూసుకోవాలి.

ఎల్‌ఈడీ నడిచేది వోల్టును బట్టి కాదు, దాంట్లో పారే కరెంటును బట్టి. డ్రైవరు మీద "అవుట్‌పుట్ 300 మిల్లీఆంపియర్లు, 40 నుంచి 70 వోల్టులు" అన్నట్టు రాసి ఉంటుంది. కొత్త డ్రైవరు మిల్లీఆంపియర్లు పాతదానితో సమానంగా ఉండాలి. ఎల్‌ఈడీ ప్లేటుకు కావాల్సిన వోల్టులు ఆ రెండు అంకెల మధ్యలో ఉండాలి. వాట్లు ఒకటే గదా అని మిల్లీఆంపియర్లు ఎక్కువున్నది తగిలిస్తే కొన్నాళ్లు తెల్లగా వెలిగి మాడిపోతుంది.

నల్లమచ్చ ఉన్న చుక్కను తీగతో కలిపేసి బల్బును మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. వెలుగుతుంది. కానీ ఆ చుక్క తినాల్సిన వోల్టులు చవక బల్బులో డ్రైవరు ఐసీ మీద పడతాయి, అది వేడెక్కి తొందరగా పోతుంది. రెండు రోజుల అవసరానికి సరే, పంట మొత్తానికి నమ్మడానికి లేదు.

అన్నిటికంటే ముఖ్యం ఇది. డీఓబీ ప్లేటు మీద నేరుగా 230 వోల్టులు ఉంటాయి. పైమూత ఊడిన బల్బును, పగిలిన బల్బును షెడ్డులో వెలిగించకండి. తడి చేతులు, తడి నేల, ఇనుప స్టాండ్లు ఉన్న చోటు అది. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకుంటే ప్రాణానికి కాపలా.

*బ్లీచింగు, సున్నం, బల్లులు*

మామూలు ఇంట్లో హోల్డరు పాతికేళ్లు ఉంటుంది. పురుగుల షెడ్డులో అలా ఉండదు. ప్రతి పంటకూ బ్లీచింగు పౌడరో, క్లోరిన్ డయాక్సైడో కొడతాం. క్లోరిన్ గాలి ఇత్తడిని, ఇనుప స్ప్రింగును తినేస్తుంది. హోల్డరు లోపలి రెండు పిన్నులు పచ్చగా, తెల్లగా పూత పట్టి, స్ప్రింగు మెత్తబడుతుంది. అప్పుడు బల్బు మినుకు మినుకుమంటుంది. మనం బల్బు పోయిందనుకుని కొత్తది కొంటాం, అదీ మినుకుతుంది. బల్బును ఇంట్లో హోల్డరుకు పెట్టి చూస్తే దోషం ఎక్కడుందో తెలిసిపోతుంది. పిన్ను సరిగా ఆనకపోతే అక్కడ నిప్పురవ్వ పుట్టి హోల్డరు మాడుతుంది కూడా. హోల్డరు చవక వస్తువు. రెండేళ్లకోసారి షెడ్డు హోల్డర్లన్నీ మార్చేసినా తప్పులేదు.

శుద్ధి చేసే రోజు ఈ వరస పాటించండి. మెయిన్ ఆపండి. బల్బులన్నీ విప్పి తడిగుడ్డతో, తరవాత పొడిగుడ్డతో తుడిచి బయట పెట్టండి. బల్బు మీది దుమ్ములో కూడా పాత పంట రోగం ఉండొచ్చు, కాబట్టి తుడవడం రెండువిధాలా మంచిది. ఖాళీ హోల్డర్లకు ప్లాస్టిక్ సంచి కట్టి రబ్బరు బ్యాండు వేయండి. మందు కొట్టి, షెడ్డు ఆరి, గాలి పోయాక సంచులు తీసి బల్బులు పెట్టండి. ఒకే ముక్కగా అచ్చు పోసిన లైటుకు ఈ సౌకర్యం లేదు, అది అక్కడే ఉండి క్లోరిన్ తాగుతుంది.

"అయితే ఐపీ65 లైటు పెట్టుకుంటే?" అని అడగొచ్చు. ఐపీ65 అంటే దుమ్ము లోపలికి పోదు, నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. మంచిదే. అయితే అందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి పూర్తిగా మూసి అతికించినది. రెండోది పక్కన క్లిప్పులు, లోపల రబ్బరు గాస్కెట్టు ఉండి, తెరిస్తే మామూలు జీ13 ట్యూబు పట్టే పెట్టె. షెడ్డుకు రెండోది తీసుకోండి. నీళ్లూ పోవు, ట్యూబూ మారుతుంది. ధర కొంచెం ఎక్కువ, ఒకసారే పెడతాం.

పాత ట్యూబ్‌లైటు పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. చోకు, స్టార్టరు తీయించి వైరింగ్ మార్పించాలి. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబులకు కరెంటు ఒక చివరే ఇవ్వాలి, కొన్నిటికి రెండు చివర్లా. ఏ రకమో పట్టీ మీదే మార్కరుతో రాయించండి. రెండు చివర్లా కరెంటు ఇచ్చే రకమైతే ఒక చివర దూర్చగానే రెండో చివర పిన్నులకు కరెంటు రావచ్చు. మెయిన్ ఆపకుండా ట్యూబు మార్చకూడదు.

బల్లుల సంగతి కూడా చెప్పాలి. నీలం కలిసిన తెల్ల వెలుతురుకు, అంటే పెట్టె మీద 6500కే అని ఉన్నదానికి, పురుగూ పుట్రా ఎక్కువ చేరుతాయి. వాటి కోసం బల్లులు చేరతాయి. బల్లి అంతటితో ఆగదు, మన పురుగును కూడా తింటుంది. 3000కే అని ఉన్న పసుపు వెలుతురుకు దోమలూ పురుగులూ తక్కువ వస్తాయి. షెడ్డు బయట గుమ్మం దగ్గర తప్పకుండా పసుపు వెలుతురుదే పెట్టండి.

*ముందు ఏం రాబోతోంది*

ఇక రాబోయే కాలం. పాదరసం ఉన్న పాత ట్యూబ్‌లైట్ల కాలం అయిపోతోంది. మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, 2027 నాటికి పాదరసం ట్యూబ్‌లైట్ల తయారీ ఆపాలని నిర్ణయించుకున్నాయి. ఆ ఒప్పందంలో మనదేశమూ ఉంది. ట్యూబు పోతుంది గానీ జీ13 పట్టీ పోదు, ఎల్‌ఈడీ ట్యూబు దాంట్లోనే దూరుతుంది. పగిలిన పాత ట్యూబును మాత్రం మల్బరీ తోటలోనో, పేడదిబ్బలోనో పడేయకండి, అందులో పాదరసం ఉంది.

పెద్ద లైట్లకు కూడా బీ22 లాంటి ఒకే కొలత ఉండాలని ప్రపంచ కంపెనీలు 2010లో జాగా అని ఒక కూటమి పెట్టుకున్నాయి. ఎల్‌ఈడీ ప్లేటు కొలత, స్క్రూ బొక్కల దూరం, డ్రైవరు కొలత ఇవన్నీ పుస్తకాలుగా రాసుకున్నారు. ఆ కొలతలు పాటిస్తే ఒక కంపెనీ లైటులో ఇంకో కంపెనీ ముక్క పడుతుంది. వీధి దీపాల నెత్తిన సెన్సరు పెట్టడానికి నాలుగు పిన్నుల చిన్న సాకెట్ కూడా అలా వచ్చిందే.

ఐరోపాలో 2021 సెప్టెంబరు 1 నుంచి ఒక నియమం ఉంది. లైటు లోపలి ఎల్‌ఈడీని, డ్రైవరును మామూలు పనిముట్లతో, లైటు పాడవకుండా మార్చేలా తయారు చేయాలి, కుదరకపోతే ఎందుకు కుదరదో కంపెనీయే కారణం చూపాలి. మనదేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అది ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. మనలాంటివాళ్లు అడిగితే దీపాలకూ అలాంటి నియమం రావచ్చు. వచ్చేదాకా కొనేవాడి ప్రశ్నే నియమం.

*అంగట్లో అడగాల్సినవి, ఇంట్లో చేయాల్సినవి*

1. బల్బుకు బీ22, ట్యూబుకు జీ13. షెడ్డు మొత్తం ఈ రెండే ఉండాలి. మూడో రకం వద్దు.

2. ఒకే ముక్క లైటు తప్పనిసరైతే "డ్రైవరు విడిగా అమ్ముతారా? ప్లేటు విడిగా దొరుకుతుందా?" అని అడగండి. "లేదు" అంటే ఆ ధర మూడేళ్ల అద్దె అనుకోండి.

3. బల్బు మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16102 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

4. ఫోను కెమెరాతో వెలిగే బల్బును చూడండి. చారలు పరిగెడుతుంటే డ్రైవరు నాసిరకం. రాత్రి పని చేసేవాళ్ల కళ్లు అలసిపోతాయి.

5. బిగించిన రోజున టోపీ మీద మార్కరుతో తేదీ రాయండి. బిల్లు ఫోనులో ఫొటో తీసి పెట్టండి. గ్యారంటీ అడగడానికి ఈ రెండూ కావాలి.

6. ప్రతి పంటకు ముందు రెండు బల్బులు, ఒక ట్యూబు, రెండు హోల్డర్లు విడిగా డబ్బాలో ఉంచండి. డబ్బాను కూడా శుద్ధి చేసిన గదిలోనే పెట్టండి, పంట మధ్యలో బయటినుంచి తెచ్చే పని ఉండదు.

7. ఈబీ కరెంటు పోయే రాత్రులకు బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు బల్బు ఒకటి అదే బీ22 హోల్డరుకు పెట్టుకోవచ్చు. అందులో బ్యాటరీయే ముందు పోతుంది, కాబట్టి పంటకు ముందు ఒకసారి మెయిన్ ఆపి వెలుగుతుందో లేదో చూడండి.

ఒక్కరం అడిగితే అంగడివాడు నవ్వి ఊరుకుంటాడు. చుట్టుపక్కల పది షెడ్లవాళ్లం కలిసి ఒకే రకం ట్యూబు పెట్టె, ఒకే రకం ట్యూబు కావాలని అడిగితే తెప్పిస్తాడు. అప్పుడు ఒకరి దగ్గర ట్యూబు పోతే పక్క షెడ్డువాళ్ల డబ్బాలోది సరిపోతుంది. ఉజాలాలో ధర పడిపోయింది కూడా ఇలా కలిసి కొన్నందుకే.

మీ షెడ్డులో ఏ లైటు ఎన్నాళ్లు నిలిచింది, ముందు పోయింది బల్బా, డ్రైవరా, హోల్డరా అన్నది తేదీతో సహా ఇక్కడ రాసి పంపండి. పైకప్పు రేకులా, పెంకులా, సిమెంటా అన్నది కూడా రాయండి. నలభై యాభై మంది రాస్తే మన ఎండకు, మన బ్లీచింగుకు ఏ దీపం తట్టుకుంటుందో మన లెక్కే మనకు చెబుతుంది. ఆ పట్టిక వచ్చే చలికాలం పంటకు ముందే ఇందులో వేస్తాం.